ఎంత? ఎంతలో?

చెల్లెళ్లూ, ఈ నెల మన పిల్లల కెమిస్ట్రీ లెక్కల గురించి మాట్లాడుకుందామని ఉంది. ఆ మాట వినగానే పేజీ తిప్పేయకండి. పదో తరగతితో చదువు ఆగిపోయినవాళ్లకీ, డిగ్రీలో చదివిందంతా సంసారంలో పడి మరిచిపోయినవాళ్లకీ కూడా పనికొచ్చే ముచ్చటే ఇది.

ఇంటర్ చదివే పిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట వినపడుతూనే ఉంటుంది: "థియరీ అంతా వచ్చమ్మా, ప్రాబ్లమ్సే రావు." ఆ రాని ప్రాబ్లమ్స్‌లో ద్రావణాల పాఠంలోవి ముందు వరసలో ఉంటాయి. మోలారిటీ, మోలాలిటీ, నార్మాలిటీ, మోల్ భాగం, భార శాతం, పీపీఎం. పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, ఒక్కోదానికీ ఒక ఫార్ములా ఉంటుంది. అన్నీ చార్టు మీద రాసి గోడకు అంటించుకుంటారు. తల దువ్వుకుంటూ ఒకసారి, అన్నం తింటూ ఒకసారి చదువుకుంటారు. తీరా ప్రశ్న కళ్లముందుకు వచ్చేసరికి "ఏ ఫార్ములా వెయ్యాలి?" అని వెతుకులాట. పిల్లలు తెలివితక్కువవాళ్లయి కాదు, మొదట అడగాల్సిన ప్రశ్న వాళ్లకెవరూ నేర్పలేదు కాబట్టే ఇలా జరుగుతోందని నా గట్టి నమ్మకం.

గాఢత లెక్క ఏదైనా సరే, అందులో ఉండేవి రెండే ప్రశ్నలు. ఎంత? ఎంతలో? కరిగిన వస్తువు ఎంత, అది ఎంతలో ఉంది. పాఠంలోని అరడజను పేర్లూ ఈ రెండు జవాబుల్ని ఏ కొలతల్లో చెబుతున్నామన్న తేడా వల్ల పుట్టినవే. పైన గ్రాములు, కింద 100 గ్రాముల ద్రావణం పెడితే భార శాతం. పైన మోల్స్, కింద లీటరు ద్రావణం పెడితే మోలారిటీ. కింద లీటరు ద్రావణానికి బదులు కిలో ద్రావణి పెడితే మోలాలిటీ. కింద పది లక్షల భాగాలు పెడితే పీపీఎం. ఇది అడగడానికి మీకు కెమిస్ట్రీ రానక్కర్లేదు. పిల్ల పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూడా అడగొచ్చు: "ఏది ఎంతుందిట? దేంట్లో ఉందిట?"

ఒక చిన్న లెక్కతో మొదలుపెట్టండి. 200 గ్రాముల నీళ్లలో 50 గ్రాముల చక్కెర కరిగించాం, చక్కెర శాతం ఎంత? చాలామంది పిల్లలు ఠక్కున 25 అంటారు. 50ని 200తో భాగించారు మరి. తప్పని చెప్పకండి, కోప్పడకండి. "ఎంతలో?" అని మాత్రం అడిగి ఊరుకోండి. చక్కెర కరిగాక గిన్నెలో ఉన్నది 250 గ్రాములు. అందులో చక్కెర 50. కాబట్టి 20 శాతం. కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం. ఈ మూడూ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటాయి. చాలా సులువుగా కనిపిస్తాయి కాబట్టి పిల్లలు వాటిని దాటేసి లెక్కల్లోకి దూకేస్తారు. గాఢత లెక్కల్లో తప్పులు ఎక్కువగా జరిగే చోటు ఇదే, ద్రావణి రాయాల్సిన చోట ద్రావణం, ద్రావణం రాయాల్సిన చోట ద్రావణి. కిందకి ఏది వెళ్తుందో తేలిపోతే మిగిలేది భాగహారమే.

మరి మోల్ ఎందుకు, గ్రాములతో సరిపెట్టుకోవచ్చు కదా అని మా మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. నేను తనకు చెప్పిన జవాబు మన ఇళ్లన్నిటికీ తెలిసిన ఓఆర్‌ఎస్ పొట్లం. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇంత చిన్న పొట్లంలో ఇంత కెమిస్ట్రీ ఇంకెక్కడా కనపడదు నాకు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా సోకింది. ఎక్కించడానికి సెలైన్ బాటిళ్లు చాలడం లేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశారు. లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా కలిపి, ఆ నీళ్లు రోగులతో తాగించారు. పక్కన కూర్చున్న బంధువులే తాగించారు, నర్సులు కూడా అక్కర్లేకపోయింది. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. అలా ఎంతమంది తల్లుల ఒడి నిండుగా మిగిలిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడు పద్మ విభూషణ్ ప్రకటించారు.

ఆ తర్వాత ఫార్ములా కొంత మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002 నుంచి చెబుతున్న ఇప్పటి కొలత ఇదీ, లీటరుకి: ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 2.6 గ్రాములు. గ్లూకోజ్ 13.5. పొటాషియం క్లోరైడ్ 1.5. ట్రైసోడియం సిట్రేట్ 2.9. అన్నీ కలిపి 20.5 గ్రాములు. మందుల షాపులో దొరికే పెద్ద పొట్లం తిప్పి చూడండి, ఈ అంకెలు కనిపిస్తాయి. ఇప్పుడు పిల్లకి పెన్సిల్ ఇవ్వండి.

గ్రాముల్ని అణుభారంతో భాగిస్తే మోల్స్ వస్తాయి. గ్లూకోజ్ అణుభారం 180. 13.5ని 180తో భాగిస్తే 0.075 మోల్, అంటే 75 మిల్లీమోల్స్. ఉప్పుకి అణుభారం 58.5. 2.6ని దానితో భాగిస్తే 44 మిల్లీమోల్స్ పైచిలుకు. పొటాషియం క్లోరైడ్‌కి 74.5తో భాగిస్తే 20. సిట్రేట్‌కి, దాని స్ఫటికంలోని నీటితో సహా, 294తో భాగిస్తే 10కి కొంచెం తక్కువ. ఇక్కడ ఒక మెలిక ఉంది, పిల్ల దాన్ని తనే పట్టుకోవాలి, మీరు తొందరపడి చెప్పకండి. సోడియం ఎంత? ఉప్పు నుంచి 44 వచ్చింది. సిట్రేట్ పేరులోనే ట్రైసోడియం ఉంది, ఒక్కోదానికి మూడు సోడియంలు, అంటే దాదాపు 30. రెండూ కలిపితే 74. పొట్లం మీద దాన్ని 75 అని రాస్తారు. క్లోరైడ్ కూడా అలాగే రెండు చోట్ల నుంచి వస్తుంది, ఉప్పు నుంచి 44, పొటాషియం క్లోరైడ్ నుంచి 20, మొత్తం 65 దగ్గర. ఇప్పుడు అన్నీ కూడండి. సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 245. కరిగిన కణాలన్నిటి మొత్తం గాఢత ఇది, పొట్లం మీద "ఆస్మొలారిటీ 245" అని ఉండే అంకె ఇదే! ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు, మన పిల్ల పావుగంటలో చేసుకోగలిగిన కూడిక.

ఇప్పుడు మేనకోడలి ప్రశ్నకు వద్దాం. గ్రాముల్లో చూస్తే గ్లూకోజ్ ఉప్పుకంటే ఐదు రెట్లకు పైగా ఉంది. మోల్స్‌లో చూస్తే గ్లూకోజూ సోడియమూ సరిసమానం, చెరి 75. అలా ఉండడం యాదృచ్ఛికం కాదు. గ్లూకోజ్ తోడుంటే పేగు సోడియాన్ని బాగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. గ్లూకోజ్ కణాలు సోడియం కణాలకంటే తగ్గకూడదన్నది ఫార్ములా పెట్టినవాళ్ల నియమం. పేగుకి బరువు తెలియదు, కణాల లెక్కే తెలుసు. ఆ లెక్కని మన చేతికి అందించేది మోల్. ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య అంటూ 6.022 పక్కన 10 మీద 23 ఘాతం అని పిల్లలు బట్టీ పట్టే అంకె వెనక ఉన్న పని ఇదీ.

ఇక ఇంటి సంగతి. లీటరు పొట్లాన్ని అర లీటరు నీళ్లలో కలిపితే? పైన ఉన్నది మారలేదు, కింద సగమైంది. గాఢత రెట్టింపై 490కి చేరుతుంది. మన రక్తంలో అది 290 దగ్గర ఉంటుంది. పేగులో అంతకంటే చిక్కటి ద్రావణం ఉంటే నీళ్లు లోపలికి వెళ్లడానికి బదులు శరీరం నుంచి పేగులోకి వస్తాయి. విరేచనాలు తగ్గాల్సింది పోయి పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరిగి పసిబిడ్డకి ప్రమాదం కూడా కావచ్చు. "బలంగా ఉంటుందని కొంచెం చిక్కగా కలిపానండీ" అనే అమ్మల్ని చూశాను. వాళ్ల ప్రేమలో లోపం లేదు, ఆ ఒక్క విషయం వాళ్లకు ఎవరూ చెప్పలేదంతే. అలాగే రెండు లీటర్లలో కలిపితే పలచబడి, ఇవ్వాల్సిన ఉప్పు అందదు. కొందరు పొట్లం విప్పి గ్లాసుకో చెంచా చొప్పున వాడుకుంటారు. పొడిలో నాలుగు రకాలున్నాయి, చెంచాలోకి ఏది ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పొట్లం మొత్తం ఒకేసారి, దానిమీద రాసినన్ని నీళ్లలో కలపాలి. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న పొట్లాలు వేరే ఉన్నాయి, గ్లాసులో కలుపుకోవాలనుకుంటే అవి కొనుక్కోండి.

దీనికి అనుబంధంగా ఇంకో మాట. అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలకి ఓఆర్‌ఎస్ అని పేరు తగిలించి అమ్ముతుండేవారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఒక ఆడకూతురు లేబుల్ మీది అంకెల్ని పట్టుకుని వదలకపోవడం వల్ల జరిగిన మేలు ఇది. మీ చేతికి ఏ పానీయం వచ్చినా వెనక 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎన్ని గ్రాములో చూడండి. పదితో గుణిస్తే లీటరు లెక్క వస్తుంది. దాన్ని 13.5 పక్కన పెట్టి చూడండి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

లేబుళ్ల మాట వచ్చింది కాబట్టి, పసిపిల్లలున్న చెల్లెళ్లకి ఇది తప్పకుండా చెప్పాలి. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ మందు మన షాపుల్లో ఎక్కువగా మూడు గాఢతల్లో దొరుకుతుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125 మిల్లీగ్రాములు. కొంచెం పెద్ద పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 250. పసికందుల డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100. డ్రాప్స్ సీసా చిన్నది, కాబట్టి మందు తేలికైనదని అనిపిస్తుంది. నిజానికి అందులో మందు మామూలు సిరప్ కంటే నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. సిరప్ ఇచ్చినట్టు 5 మిల్లీలీటర్లు డ్రాప్స్ పోస్తే 125 ఇవ్వాల్సిన చోట 500 మిల్లీగ్రాములు ఇచ్చినట్టు. పసివాడి కాలేయం ఆ దెబ్బ తట్టుకోలేదు. డాక్టర్‌గారు "ఒక మూత పొయ్యండి" అంటే, "ఎన్ని మిల్లీగ్రాములండీ? ఏ సీసాలోంచి?" అని అడగండి. మొహమాటపడకండి. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు మళ్లీ చూడండి, కంపెనీ మారితే గాఢత కూడా మారి ఉండొచ్చు.

ఇన్సులిన్ తీసుకునే అత్తగారో నాన్నగారో ఉన్న ఇళ్లకి ఇదే లెక్క ఇంకో రూపంలో వస్తుంది. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లుండేవీ ఉన్నాయి. సిరంజిలు కూడా రెండు రకాలు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. 40 సీసాలోంచి 100 సిరంజితో "40" గీత దాకా లాగితే లోపలికి వచ్చింది 0.4 మిల్లీలీటర్లే, అంటే 16 యూనిట్లే. చక్కెర దిగలేదేమిటని కంగారుపడతారు. తారుమారైతే మరీ ఘోరం, 100 సీసాలోంచి 40 సిరంజితో 40 గీత దాకా లాగితే 100 యూనిట్లు వెళ్లిపోతాయి. అది ప్రాణం మీదకు తెస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే ఆ పని తనకి అప్పగించండి. "ఈ లెక్కలెందుకు పనికొస్తాయి?" అన్న ప్రశ్న మళ్లీ అడగదు.

సరే, పుస్తకంలోకి వెళ్దాం. పలచబరిచే లెక్కలు. పిల్లలు దీన్ని "ఎం1 వి1 ఈక్వల్స్ ఎం2 వి2" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. దాని అర్థం మాత్రం అడిగితే బిత్తరపోతారు. అర్థం ఒక్కటే, నీళ్లు పోసినంత మాత్రాన కరిగిన వస్తువు పెరగదు, తరగదు. గాఢతని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది ఆ వస్తువు మొత్తం. అది ముందూ వెనకా ఒకటే. పులుసులో ఉప్పు ఎక్కువైనప్పుడు మనం చేసేది అదే కదా. రెండు లీటర్ల పులుసులో 30 గ్రాముల ఉప్పు పడింది, మీ ఇంటి రుచికి లీటరుకి 12 గ్రాములు చాలు. ఉప్పు 30 గ్రాములు ఎటూ పోదు. 30ని 12తో భాగిస్తే రెండున్నర లీటర్లు. అంటే అర లీటరు నీళ్లు పొయ్యాలి. కొంతమంది బంగాళాదుంప ముక్కలు వేస్తారు. ముక్క ఉప్పునొక్కదాన్నే ఏరుకుని పీల్చుకోదు, ఉప్పు కలిసిన పులుసునే పీల్చుకుంటుంది. మిగిలిన పులుసు దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది. ముక్కలతోపాటు మనం పోసిన నీళ్లే పని చేస్తాయి, పేరు మాత్రం దుంపకి వస్తుంది.

కోవిడ్ రోజుల్లో శానిటైజర్ వాడని ఇల్లు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తయారుచేసే పద్ధతిలో ఒక వింత అంకె ఉంటుంది. 10 లీటర్ల శానిటైజర్‌కి 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు తీసుకోమంటారు. ఎందుకు 8333, ఎనిమిది లీటర్లు అనొచ్చు కదా? పిల్లని గుణించమనండి. 8333 ఇంటూ 0.96, దాదాపు 8000. పదివేల మిల్లీలీటర్లలో 8000 అంటే 80 శాతం. వాళ్లకు కావాల్సింది అదీ. అందులోనే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మిల్లీలీటర్లు పోస్తారు. 417 ఇంటూ 0.03 అంటే పన్నెండున్నర. పదివేలలో పన్నెండున్నర అంటే 0.125 శాతం. వాళ్లు చెప్పే అంకె కూడా సరిగ్గా అదే. ఇంకాస్త గ్లిజరాల్ పోసి, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు, "ఇన్ని నీళ్లు" అని కాకుండా "10 లీటర్ల గీత వచ్చేదాకా" పొయ్యమంటారు. ఆ గీతలో చాలా సంగతి ఉంది. ఆల్కహాలూ నీళ్లూ కలిస్తే మొత్తం, రెండింటి ఘనపరిమాణాల కూడిక కంటే కొంచెం తగ్గుతుంది. అందుకని ముందే లెక్క కట్టి నీళ్లు కొలిచి పోస్తే గాఢత తేడా వస్తుంది.

ల్యాబ్‌లో ఒక మోలార్ ఉప్పు ద్రావణం చెయ్యమన్నా ఇదే పద్ధతి. 58.5 గ్రాముల ఉప్పుకి లీటరు నీళ్లు పోస్తే తప్పు. ఫ్లాస్క్‌లో ఉప్పు వేసి, కొంచెం నీళ్లతో కరిగించి, మెడ మీది గీత దాకా నింపాలి. ఎంతలో? లీటరు ద్రావణంలో. లీటరు నీళ్లలో కాదు. మోలాలిటీ అయితే కిలో నీళ్లు తూచి అందులో ఉప్పు వేస్తాం, గీతతో పనిలేదు. వేడెక్కితే ద్రావణం వ్యాకోచించి లీటరు కాస్తా లీటరు మీద కొంచెం అవుతుంది, బరువు మాత్రం మారదు. మరిగే ఉష్ణోగ్రత, గడ్డకట్టే ఉష్ణోగ్రత లెక్కల్లో మోలాలిటీ వాడేది అందుకే. ఈ రెండు మాటల తేడా ఇలా చెబితే పిల్లలు ఇక కలగాపులగం చెయ్యరు. నార్మాలిటీ గురించి ఇప్పుడు చెప్పను. దానికి చర్య ఏమిటో కూడా తెలియాలి, మోలారిటీ చేతికొచ్చాక అది ఒక్క మెట్టే.

సీసా మీద శాతమూ సాంద్రతా ఇచ్చి మోలారిటీ అడిగే లెక్క చూసి పిల్లలు బెదిరిపోతారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 98 శాతం, సాంద్రత 1.84. మోలారిటీ ఎంత? ఎంతలో అంటే లీటరులో. సరే, లీటరు ఆమ్లం బరువెంత? 1840 గ్రాములు. అందులో అసలు ఆమ్లం ఎంత? 98 శాతం, అంటే 1803 గ్రాములు. అణుభారం 98. భాగిస్తే 18.4 మోల్స్. అయిపోయింది. ఫార్ములా ఎక్కడా అవసరం పడలేదు, వరసగా రెండు ప్రశ్నలూ అడుగుతూ వచ్చాం, అంతే. దీన్నుంచి ఒక మోలార్ ద్రావణం లీటరు చెయ్యాలంటే 1000ని 18.4తో భాగించండి, సుమారు 54 మిల్లీలీటర్లు. ఆ ఆమ్లాన్ని నీళ్లలోకి కొద్దికొద్దిగా పొయ్యాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పుట్టే వేడికి మొహం మీదికి చిమ్ముతుంది. ప్రాక్టికల్స్‌కి వెళ్లే పిల్లకి ఈ ఒక్క మాట మీ నోటితో కూడా చెప్పి పంపండి.

పీపీఎం గురించి నల్గొండ చెల్లెళ్లకు నేను చెప్పేదేముంది, ఆ అంకె వాళ్ల ఎముకల్లో ఉంది. మన దేశంలో, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగితే వచ్చే ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన ప్రమాణాలు చెబుతాయి. లీటరు నీళ్లు కిలో, అందులో పది లక్షల మిల్లీగ్రాములు. కాబట్టి లీటరుకి ఒక మిల్లీగ్రాము అంటే ఒక పీపీఎం. ఒక శాతం అంటే పదివేల పీపీఎం. శాతంలో రాస్తే ఫ్లోరైడ్ 0.0001 అవుతుంది, చూడ్డానికి లెక్కలోకి రానట్టుంటుంది. దంతాల మీద గారకట్టి, నడుములు వంగిపోయిన తరాలని చూసినవాళ్లకి తెలుసు ఆ నాలుగో దశాంశ స్థానం బరువెంతో.

ఇందులో మన ఆడవాళ్లకి తెలియాల్సిన లెక్క ఒకటుంది. నీళ్లు కాచి తాగితే మంచిదని మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. సూక్ష్మక్రిముల విషయంలో అది నిజమే. ఫ్లోరైడ్ కాచితే పోదు. 4 పీపీఎం ఉన్న ఐదు లీటర్ల నీళ్లలో ఫ్లోరైడ్ 20 మిల్లీగ్రాములు. మరిగి మరిగి నాలుగు లీటర్లయితే, అదే 20 ఇప్పుడు నాలుగు లీటర్లలో, అంటే 5 పీపీఎం. కాచినకొద్దీ పెరిగింది! తగ్గించాలంటే ఫ్లోరైడ్‌ని బయటికి లాగెయ్యాలి, లేదా మంచి నీళ్లు కలపాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్‌ని తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దానికి ప్రపంచమంతటా "నల్గొండ పద్ధతి" అనే పేరు. ఇక కలపడం లెక్క: 4 పీపీఎం ఉన్న బోరు నీళ్లలో 0.5 పీపీఎం ఉన్న నది నీళ్లు కలిపి 1 పీపీఎం చెయ్యాలంటే ఎంతకి ఎంత? బోరు నీటి లీటరుకి 3 మిల్లీగ్రాములు ఎక్కువున్నాయి, నది నీటి లీటరుకి అర మిల్లీగ్రాము తక్కువుంది. ఆ మూడూ సర్దుకోవాలంటే ఆరు అరలు కావాలి. ఒక లీటరు బోరు నీటికి ఆరు లీటర్ల నది నీళ్లు. పిల్ల ఎక్స్, వై అని రాసి చేసినా అదే వస్తుంది, రెండూ చేయించండి.

కలిపే లెక్కల్లో ఇంకో ఉచ్చు సగటు. 30 శాతం ద్రావణం రెండు లీటర్లు, 10 శాతం ద్రావణం మూడు లీటర్లు కలిపితే 20 శాతం అని నోటికొచ్చేస్తుంది. వస్తువు ఎంత? మొదటిదాంట్లో 0.6, రెండోదాంట్లో 0.3, మొత్తం 0.9. ఎంతలో? ఐదులో. 18 శాతం.

మన ఒంటి మీది బంగారం కూడా ద్రావణమే తెలుసా? ఘన ద్రావణం. బంగారంలో రాగి, వెండి కలిసిపోయి ఉంటాయి. 22 క్యారెట్లంటే 24 భాగాల్లో 22 బంగారం, వెయ్యికి 916. హాల్‌మార్క్ పక్కన ఉండే అంకె అదే. 18 క్యారెట్లయితే 750. వేర్వేరు వన్నెల బంగారాలు కరిగించి కలిపితే వచ్చే వన్నె ఎంత అన్న లెక్కలు తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలోనే ఉన్నాయి. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. కాబట్టి ఈ గాఢత లెక్క కార్పొరేట్ కాలేజీ మెటీరియల్‌తో పుట్టింది కాదు.

ఈ ఆదివారం పిల్లకి ఒక లెక్క ఇవ్వండి. 22 క్యారెట్ల ఉంగరాలు 10 గ్రాములు, 18 క్యారెట్ల గొలుసు ముక్క 5 గ్రాములు, రెండూ కరిగించి ఒక్క వస్తువు చేయించాం. అది ఎన్ని క్యారెట్లు? 20 అని చెప్పిందనుకోండి, అసలు బంగారం ఎంతుందో, మొత్తం ఎంతలో ఉందో రాయమనండి. ఉంగరాల్లో 9.17 గ్రాములు, గొలుసులో 3.75, మొత్తం 12.92 గ్రాములు, పదిహేను గ్రాములలో. 12.92ని 15తో భాగించి 24తో గుణిస్తే 20.67 క్యారెట్లు. కంసాలి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం మీతో తీసుకెళ్లండి.